ముద్ర లేకపోయినా రహస్యమే! గవర్నమెంట్ సీక్రెట్ ఫైల్స్ ఎలా పనిచేస్తాయి?

సినిమాల్లో ఎర్ర అక్షరాలతో ‘టాప్ సీక్రెట్’ అని ఉన్న ఫైల్ చూపిస్తారు కదా, నిజంగా అలా ఉంటుందా? ఉంటుందండీ. కానీ ముద్ర ఉంటేనే రహస్యం అనుకుంటే మాత్రం పొరపాటే. మన ఐనవిల్లి చుట్టుపక్కల నుంచి నేవీకి, వైజాగ్‌లో కాంట్రాక్ట్ పనులకి వెళ్లే కుర్రాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి.

ముందు ముద్రల సంగతి. మన దేశంలో నాలుగు స్థాయిలు: టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్. ఆ సమాచారం బయటికి పోతే దేశానికి ఎంత నష్టం అన్నదే లెక్క. అత్యంత తీవ్రమైన నష్టమైతే టాప్ సీక్రెట్, తీవ్రమైనదైతే సీక్రెట్, అంతకంటే తక్కువైతే కాన్ఫిడెన్షియల్. ఆఫీసు పనికి మాత్రమే వాడాల్సింది రిస్ట్రిక్టెడ్.

ఆ కాగితం ఇంకో ఆఫీసుకి పంపాలంటే కవర్‌లో కవర్ పెడతారు. లోపలి కవర్ మీద ముద్ర ఉంటుంది, బయటి కవర్ మీద ఉండదు. దారిలో చూసినవాళ్లకి అది మామూలు ఉత్తరంలాగే కనిపించాలి. ఇంకోటి, పెద్ద హోదా ఉంది కదా అని ఎవరుపడితే వాళ్లు చూడకూడదు. తన పనికి అది అవసరమైనవాళ్లే చూడాలి. సాఫ్ట్‌వేర్‌లో మనం యాక్సెస్ ఇచ్చేది కూడా ఇదే పద్ధతిలో.

మరి ఫోన్ సంగతి? 2022 జూన్‌లో కేంద్రం తన ఉద్యోగులకి సూచనలిచ్చింది. ఆఫీసు ఫైళ్లు గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌లో పెట్టొద్దు, క్యామ్‌స్కానర్ లాంటి యాప్‌లతో స్కాన్ చేయొద్దు అని. ఎందుకంటే ఆ కాపీ బయటి సర్వర్‌లోకి వెళ్లాక దాని మీద మనకి పట్టు ఉండదు.

ఇప్పుడు వైజాగ్‌కి వద్దాం. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు ‘డాల్ఫిన్స్ నోస్’ అనే ఆపరేషన్‌లో ఏడుగురు నేవీ సిబ్బందిని, ఒక హవాలా ఆపరేటర్‌ని అరెస్ట్ చేశారు. తర్వాత కేసు ఎన్ఐఏకి వెళ్లింది. ఫేస్‌బుక్‌లో పరిచయాలు పెంచుకుని, డబ్బు ఆశ చూపి, యుద్ధనౌకలు, సబ్‌మెరైన్ల కదలికలు రాబట్టారన్నది ఆరోపణ. ఆ నెలలోనే నేవీ తన స్థావరాల్లో, డాక్‌యార్డుల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది.

గమనించారా? ‘మా షిప్ రేపు బయల్దేరుతుంది’ అనే మెసేజ్ మీద ఏ ముద్రా ఉండదు. కానీ 1923 నాటి అధికార రహస్యాల చట్టం ముద్రతో ఆగదు. ఆ సమాచారం శత్రువుకి పనికొస్తుందా అనేది కూడా చూస్తుంది. సెక్షన్ 3 కింద, రక్షణకి సంబంధించిన గూఢచర్యమైతే 14 ఏళ్ల వరకు జైలు.

అలాగని ముద్ర పడ్డదల్లా జనానికి ఎప్పటికీ అందదని కాదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(2) ప్రకారం, నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే, రహస్యాల చట్టం ఉన్నా సరే సమాచారం ఇవ్వొచ్చు.

కాబట్టి ముక్కూమొహం తెలియని ప్రొఫైల్ ‘ఏ షిప్‌లో చేస్తున్నావ్, ఎప్పుడు బయల్దేరతారు’ అని అడిగితే జవాబివ్వకండి. స్క్రీన్‌షాట్ తీసి పై అధికారికి చెప్పండి. ఇంట్లోవాళ్లు కూడా అన్నయ్య షిప్ ఫొటో, వెళ్లే తేదీ కలిపి స్టేటస్ పెట్టకండి. ఉంటానండీ.