పాలకీడు జ్వరానికి ప్రపంచ నంబరు

నాట్లు అయిపోయి, సాగర్ ఎడమ కాలువ నీళ్లు మళ్లలో నిలబడే రోజులకు మన మండలంలో జ్వరాలు మొదలవుతాయి. పేపర్లో 'విషజ్వరాలు ప్రబలాయి' అని రెండు వాక్యాలు పడతాయి. ఆ మాట చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, బిడ్డా. ఏ జ్వరం అది? డెంగీయా, మలేరియానా, టైఫాయిడా, చికున్‌గున్యానా? డెంగీ అయితే ఇంటి ముందు డ్రమ్ముల్లో నిలవున్న మంచినీళ్లు పారబొయ్యాలి. టైఫాయిడ్ అయితే తాగేనీటి పైపు ఎక్కడ పగిలి మురుగులో కలుస్తోందో వెతకాలి. పేరు తేలకుంటే వీధుల్లో పొగ కొట్టి పోతారు. పైపు పగులు అట్లనే ఉంటుంది, పక్కింటి పిల్లాడికి జ్వరం వస్తుంది.

ఈ తిప్పలు మనకే రాలేదు. ఇంగ్లండులో 1837లో జననమరణాల నమోదు మొదలైనప్పుడు, ఆ లెక్కలు చూడ్డానికి వచ్చిన విలియం ఫార్ ఇదే చూసి తల పట్టుకున్నాడు. ఒకే రోగానికి మూడు నాలుగు పేర్లు, ఒకే పేరు కింద నాలుగైదు రోగాలు. ఇట్లయితే ఏ ఊళ్లో దేనివల్ల చస్తున్నారో ఎట్లా తెలుస్తుంది? పేర్లన్నీ ఒక పద్ధతిలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడాడు. 1893లో చికాగోలో జరిగిన సభలో జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి పెద్దమనిషి మరణ కారణాల పట్టిక ఒకటి పెట్టాడు. ఆ పట్టికే పెరిగి పెరిగి, 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికొచ్చి, ఇవాళ ఐసీడీ అయింది. దాని పదో కూర్పులో టైఫాయిడ్ జ్వరం ఏ01.0. మలేరియాకు బి50 నుంచి బి54 దాకా ఇచ్చారు. మన సికింద్రాబాద్‌లోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన మలేరియా క్రిమికి ఇప్పుడు పెరూలోనైనా, పాలకీడులోనైనా అదే నంబరు. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆయుర్వేదం, సిద్ధ, యునాని వైద్యుల రోగనామాలకు కూడా 2024 జనవరిలో అందులో చోటిచ్చారు.

నంబరు ఇస్తే ఏమొస్తుంది అంటావా? మన పాత నల్గొండ జిల్లా సంగతే చూడు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లతో వంగిపోయిన ఎముకల గురించి డాక్టర్ ఎ. హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఎముకల ఫ్లోరోసిస్‌కు ఐసీడీలో విడిగా నంబరుంది: ఎం85.1. కానీ అట్లా ఎముకలు వంగిన మనిషి ఆస్పత్రికి పోతే, చీటీ మీద 'కీళ్ల నొప్పులు' అని రాశారంటే, అతను పోయి కీళ్ల నొప్పుల నంబరు ఎం25.5లో పడతాడు. మోకాళ్లు అరిగిన వేలమంది మధ్యన కలిసిపోతాడు. పై ఆఫీసులో లెక్క తీసేవాడికి ఆ ఊరి నీళ్లలో తేడా ఉందని తెలిసే దారి మూసుకుపోతుంది. మందు రాసేది ఒక మనిషికి. నంబరు రాసేది మాత్రం ఊరందరి కోసం. నా మటుకు ఈ పట్టికలన్నిటిలోకీ ప్రాణమున్న విషయం ఇదే.

రోగం పేరు కుదిరింది సరే, రక్తపరీక్ష సంగతో? నేరేడుచర్లలో ఒక ల్యాబు, మిర్యాలగూడలో ఒక ల్యాబు, హైదరాబాద్‌లో ఇంకోటి. ఒకడు 'హెచ్‌బీ' అంటాడు, ఒకడు 'హిమోగ్లోబిన్' అంటాడు, ఇంకొకడు మూడక్షరాల సొంత గుర్తు పెట్టుకుంటాడు. మనిషి కంటికి మూడూ ఒకటే, కంప్యూటరుకు మూడూ వేరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని రీగన్‌స్ట్రీఫ్ సంస్థ 1994లో ప్రతి పరీక్షకూ ఒక నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని పేరు లోయింక్. రక్తంలో హిమోగ్లోబిన్‌కు 718-7. సీరంలోనో ప్లాస్మాలోనో చూసే గ్లూకోజ్‌కు 2345-7. గీత పక్కనున్న ఆ 7 ఎందుకో తెలుసా? అది కాపలా అంకె. పెన్సిలు తెచ్చుకో, చూపిస్తా.

2345 అని రాయి. కుడి చివరన 5 ఉంది, రెట్టింపు చెయ్యి, 10. రెండంకెలొచ్చాయి కాబట్టి వాటిని కలిపెయ్యి: 1 ప్లస్ 0, అంటే 1. పక్కనున్న 4ను ముట్టుకోకు. తర్వాత 3ను రెట్టింపు చెయ్యి, 6. చివరి 2ను ముట్టుకోకు. అన్నీ కూడు: 1, 4, 6, 2 మొత్తం 13. దాన్ని సున్నాతో ముగిసే తర్వాతి అంకె 20 చెయ్యడానికి ఎంత కావాలి? 7. అదే గీత పక్కనుంది చూడు. ఇప్పుడు రాత్రి డ్యూటీలో నిద్రమత్తులో ఉన్న టెక్నీషియన్ రెండంకెలు అటిటు చేసి 2354-7 అని కొట్టాడనుకో. 4కు రెట్టింపు 8, తర్వాత 5, 3కు రెట్టింపు 6, తర్వాత 2. మొత్తం 21. దాన్ని 30 చెయ్యడానికి 9 కావాలి, గీత పక్కన ఉన్నది 7. తప్పు దొరికిపోయింది. ఒక్క అంకె తప్పు పడితే ఈ లెక్క తప్పకుండా పట్టుకుంటుంది, పక్కపక్క అంకెలు తారుమారైతే దాదాపు ఎప్పుడూ పట్టుకుంటుంది. 0, 9 పక్కపక్కన ఉండి అటిటైతే మాత్రం తప్పించుకుంటాయి. ఎందుకో నువ్వే వేసి చూడు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ ఈ ఉపాయానికి 1954లో పేటెంటు అడిగాడు. బ్యాంకు కార్డు నంబరులో ఉన్నదీ ఇదే. మీ నాన్న ఫోన్లో *#06# కొడితే పదిహేనంకెల ఐఎంఈఐ వస్తుంది. దాని చివరి అంకెనూ ఇట్లనే పరీక్షించుకోవచ్చు.

పరీక్ష ఒకటే అని తేలాక కొలత దగ్గర ఇంకో చిక్కు. మన హుజూర్‌నగర్ వైపు వాళ్ల పిల్లలు ఎంతోమంది మెల్‌బోర్న్‌లో ఉన్నారు. అమ్మానాన్నలు అక్కడికి పోయి షుగర్ చూపించుకుంటే '10' అని వస్తుంది. ఇంటి దగ్గర 180 ఉండేది, పది ఎట్లయింది, ఒంట్లో షుగరే లేదా అని హడలిపోతారు. రెండూ ఒకటే. మనం డెసీలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో చెబుతాం. వాళ్లు లీటరులో ఎన్ని మిల్లీమోల్స్ ఉన్నాయో చెబుతారు. గ్లూకోజ్ ఒక మోల్ 180 గ్రాములు తూగుతుంది. అందుకని లీటరుకు ఒక మిల్లీమోల్ అంటే 180 మిల్లీగ్రాములు, దాన్ని డెసీలీటరుకు దించితే 18. వాళ్ల అంకెను 18తో గుణిస్తే మనది. ఇది తెలియక మాత్ర మానేస్తే ఎంత ప్రమాదమో ఆలోచించు. మా చిన్నప్పుడు ఒక ఊరి మానిక ఇంకో ఊరి మానికకు సరిపోక సంతలో వడ్ల దగ్గర పంచాయితీలయ్యేవి. 1956 చట్టంతో కిలోలు, లీటర్లు వచ్చాక ఆ గొడవ తగ్గింది. రక్తం కొలతలకు ఆ పని ఇంకా నడుస్తోంది.

ఈ నంబర్లన్నీ ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి నడవడానికి బాట కూడా కావాలి. 2011లో మెల్‌బోర్న్‌కే చెందిన గ్రాహమ్ గ్రీవ్ ఫైర్ అనే పద్ధతికి పునాది వేశాడు. రోగికి ఒక గడి, పరీక్ష ఫలితానికి ఒక గడి, మందుకు ఒకటి, టీకాకు ఒకటి. ఏ గడిలో ఏముండాలో ముందే ఒప్పందం. మన దేశం 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ ఫైర్‌నే ఎంచుకుంది. పధ్నాలుగు అంకెల ఆభా నంబరు దానిదే. రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒక గోదాములో పడేస్తారని కొందరు భయపడతారు. ఆ ఏర్పాటు అట్లా లేదు. ఏ ఆస్పత్రి రిపోర్టు ఆ ఆస్పత్రి దగ్గరే ఉంటుంది, రోగి ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరుకు చేరుతుంది. అయితే ఆ ఒప్పుకోలు ఎవరిది? జాన్‌పహాడ్‌లో ఉండే ముసలమ్మ ఆభాకు హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్ నంబరిస్తే, ఓటీపీ కొడుక్కి పోతుంది. తన రోగం ఎవరికి చూపాలో ఆ తల్లి చెప్పినట్టా? ఆమెకు చదివి వినిపించి, ఆమె నోటితో సరే అనిపించుకునే పద్ధతి రావాలి. ఇందులో నేను రాజీపడను.

ఒప్పందం లేకపోతే ఎంత పెద్ద పనైనా ఎట్లా ఆగుతుందో 2021లో కళ్లారా చూశాం. మన కరోనా టీకాల వేదిక కోవిన్ అన్ని కోట్లమందికి టీకా సర్టిఫికెట్లిచ్చింది, కానీ ఇంగ్లండు ఒప్పుకోలేదు. వాళ్లు అడిగిన వాటిలో ఒకటి, పూర్తి పుట్టిన తేదీ. మన కాగితం మీద ఆ తేదీ లేదు. సెప్టెంబరు చివర్లో విదేశాలకు పోయేవాళ్లకు అది కలిపారు, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఆ వరుస ఎందుకంటే 03/04 అని రాస్తే మనకు ఏప్రిల్ మూడు, అమెరికావాడికి మార్చి నాలుగు. ప్రపంచ ఆరోగ్య సభ 2013లోనే ఇట్లాంటి ప్రమాణాలు పాటించండని దేశాలన్నిటినీ కోరుతూ తీర్మానం చేసింది. తీర్మానం ఒక రోజు పని, పాటించడం మాత్రం ఏళ్ల పని.

మన దగ్గర ఆ పని ఎప్పటి నుంచో నడుస్తోంది. 2000 ప్రాంతంలో నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ల ఆరోగ్య సమాచార పద్ధతిని దేశంలో మొదట చిత్తూరు జిల్లా కుప్పంలో ప్రయత్నించారు. ఆ తొలి ఏళ్లలోనే మన నల్గొండ జిల్లాలో ఏఎన్ఎంల చేతికి అరచేతి కంప్యూటర్లిచ్చారు. మరి వాళ్ల చంకలో రిజిస్టర్లు పోయాయా? పోలేదు. యంత్రం ఇవ్వడం తేలిక. దాంట్లో రాసింది పై ఆఫీసులన్నీ ఒకేలా చదువుకుంటేనే కాగితం పోతుంది.

2018 నవంబరులో రోగాల నిఘాకు ఐహెచ్ఐపీ అనే వేదిక తెచ్చారు. మొదట దిగిన ఏడు రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం అనుమానం రాస్తుంది, డాక్టరు తన అంచనా రాస్తాడు, ల్యాబు తేల్చింది రాస్తుంది. మూడూ కలిస్తే జ్వరానికి పేరొస్తుంది. మంచి ఏర్పాటు. కానీ మనూళ్లో జ్వరమొస్తే మొదట పోయేది ఆర్ఎంపీ దగ్గరికి. అక్కడ సూది వేయించుకుని, తగ్గకపోతే మిర్యాలగూడ, ఇంకా తగ్గకపోతే సూర్యాపేట, ఆపైన హైదరాబాద్. చీటీలన్నీ బట్టల షాపు కవరులో వేసుకుని తిరుగుతారు. ఆ మొదటి నాలుగు రోజుల జ్వరం ఏ లెక్కలోనూ ఉండదు. ఆ నాలుగు రోజుల్లోనూ జబ్బు పాకుతూనే ఉండొచ్చు.

కాబట్టి నీకో పని చెబుతా. ఈసారి ఏఎన్ఎం అక్క మన వాడకొచ్చినప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడుగు: ఒక్క గర్భిణి వివరాలు ఆమె ఎన్ని రిజిస్టర్లలో, ఎన్ని యాప్‌లలో ఎక్కించాలో. ఏ వివరం మళ్లీ మళ్లీ రాస్తోందో వరుసగా రాసుకురా. రేపు ఇద్దరం కూర్చుని అందులో ఒక్కసారి రాస్తే సరిపోయేవి ఏవో గీత గీసి చూద్దాం.