జారే భుజానికి ఎముక దన్ను

కబడ్డీ... కబడ్డీ... అంటూ కూతకు వెళ్లాడో కుర్రాడు. గీత అందుకోబోతుంటే అవతలివాళ్లు చెయ్యి పట్టి లాగారు. అంతే, గూడ జారింది! పక్కనున్నవాళ్లెవరో సర్దితే కూర్చుంది. నాలుగు రోజులు కట్టు, మళ్లీ ఆట. మళ్లీ జారింది. ఇప్పుడు చొక్కా తొడుక్కోవాలన్నా, నిద్రలో ఒత్తిగిలాలన్నా భయమే.

2014లో ప్రొ కబడ్డీ తొలి సీజన్‌లో తెలుగు టైటాన్స్‌కు సొంతగడ్డ విశాఖే. ఇక్కడ పోర్టులో, ఉక్కు కర్మాగారంలో బరువులెత్తే పనులకూ కొదవలేదు. అలాంటి చోట భుజం జారితే ఆటే కాదు, బతుకుతెరువూ పోతుంది.

ఎందుకిలా?

భుజం బంతిగిన్నె కీలు. పేరుకే గిన్నె, లోతు తక్కువ. సాసరులో నిమ్మకాయ పెట్టినట్లుంటుంది. చుట్టూ ఉన్న మెత్తటి అంచు బంతిని పట్టి ఉంచుతుంది. మొదటిసారి జారినప్పుడు సాధారణంగా ఊడేది అదే. ఆ సంగతిని ఇంగ్లండ్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లో వివరించారు. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల మొదలైందీ ఆ ఏడాదే.

ఊడిన అంచును కుట్టేస్తే చాలామందికి సరిపోతుంది. కానీ జారిన కొద్దీ గిన్నె ఎముకా అరుగుతుంది. అయిదో వంతో నాలుగో వంతో పోయిందంటే కుట్లు నిలవడం కష్టం. గట్టే కొట్టుకుపోయాక తూము బిగించి ఏం లాభం?

కొత్త గట్టు

అప్పుడు కావాల్సింది ఎముకే. భుజం ముందువైపు కొక్కెంలా ఉండే కొరకాయిడ్ ఎముక ముక్కను, దానికి అంటుకున్న కండరాలతో సహా తెచ్చి గిన్నె అంచున స్క్రూలతో బిగించే పద్ధతిని 1954లో ఫ్రాన్స్ సర్జన్ లాటార్జే చెప్పారు. ఎముక గట్టవుతుంది, కండరాలు ఉయ్యాల పట్టీలా బంతిని ఆపుతాయి. కొందరికి తుంటి పైభాగం నుంచి ఎముక ముక్క తీసి అమరుస్తారు.

ఒకప్పుడు దీనికి భుజం కోసి తెరవాల్సిందే. ఫ్రాన్స్‌కే చెందిన లఫోస్ బృందం 2007లో ఆర్థ్రోస్కోపీ విధానాన్ని వివరించింది. చిన్న చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి తెర మీద చూస్తూ చేస్తారు. పక్కనే ముఖ్యమైన నరాలుంటాయి కాబట్టి చెయ్యి తిరిగిన సర్జన్ తప్పనిసరి. తర్వాత కొన్ని వారాలు స్లింగ్, ఆపైన ఫిజియోథెరపీ. మళ్లీ కూతకు వెళ్లాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి.

జారితే...

* చేతిని లాగొద్దు, మర్దన చేయొద్దు. నరం దెబ్బతినొచ్చు, ఎముక విరగొచ్చు.
* చేతిని కదలకుండా కట్టి, ఐసు పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. ముందు ఎక్స్‌రే, తర్వాతే సర్దడం.
* 20 ఏళ్లలోపు ఆటగాళ్లకు మళ్లీ జారే ముప్పు ఎక్కువ. మళ్లీ జారితే ఎముక ఎంత అరిగిందో సీటీ స్కాన్‌లో చూపించుకోవాలి.

రెండోసారి జారినప్పుడే ఆ కుర్రాడు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటే, బహుశా కుట్లతోనే సరిపోయేది!