ప్రామిసరీ నోటు భాష – దావాలో ప్రతివాది రక్షణ: గోదావరి డెల్టా నేపథ్యం

వ్యాససంగ్రహం: గోదావరి డెల్టా గ్రామాల్లో చేబదుళ్ళకూ సాగు అప్పులకూ ప్రామిసరీ నోటే వాడుకలో ఉన్న పత్రం. బాకీ తీర్చినా నోటు వెనక్కు తీసుకోనివారు, ఖాళీ నోటుపై సంతకం చేసినవారు ప్రతివాదులుగా కోర్టు మెట్లెక్కవలసివస్తుంది. వారికి చట్టం కల్పించిన రక్షణలు నోటులోని తెలుగు మాటలతో ఎలా ముడిపడి ఉన్నాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రామిసరీ నోటు, ప్రతిఫలం, కాలదోషం, చెల్లు, రుజువు భారం.

1. ప్రవేశిక

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరిసాగు విస్తరించింది. సాగుతోపాటు పెట్టుబడి అవసరమూ, దాని వెంట అప్పూ పెరిగాయి. రాజాజీ ప్రభుత్వ కాలంలో వచ్చిన 1938 నాటి మద్రాసు రైతు ఋణ ఉపశమన చట్టం రైతుల బాకీలపై వడ్డీకి హద్దు విధించింది. ఆంధ్ర ప్రాంతానికి ఆ చట్టం తరువాత కూడా వర్తించింది. భూమి పత్రాలు చేతిలో లేని కౌలు రైతుకు బ్యాంకు రుణం అందడం నేటికీ కష్టమే. నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, అతడు నోటు రాయవలసివస్తుంది.

2. సమన్లు – గడువు

సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది తన జవాబును లిఖితపూర్వకంగా దాఖలు చేయాలి. తగిన కారణం ఉంటే కోర్టు 90 రోజుల వరకు అనుమతించవచ్చు. హాజరు కాకపోతే దావా ఎక్స్‌పార్టీగా డిక్రీ కావచ్చు. దాన్ని రద్దు చేయించుకోవడానికి డిక్రీ తేదీ నుండి 30 రోజుల గడువుంది. సమన్లు సక్రమంగా అందనప్పుడు ఆ గడువు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుండి మొదలవుతుంది. జవాబులో "దావా అబద్ధం" అని మొత్తంగా తోసిపుచ్చితే చాలదు. సివిల్ ప్రక్రియా స్మృతి 8వ ఆర్డరు ప్రకారం ప్రతి ఆరోపణకూ విడివిడిగా సమాధానం చెప్పాలి. నిర్దిష్టంగా కాదనని విషయం ఒప్పుకున్నట్లే అవుతుంది.

3. నోటు మాటలు – వాటి న్యాయార్థం

3.1 "నగదుగా పుచ్చుకొన్న": సంతకం రుజువైతే ప్రతిఫలం ముట్టినట్లు కోర్టు భావిస్తుంది (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881, సెక్షన్ 118). ఈ భావన ఖండించదగినదే. ఒట్టి నిరాకరణ దానికి సరిపోదనీ, సంభావ్యతలను బట్టి ప్రతివాది దాన్ని తొలగించవచ్చనీ భారత్ బ్యారెల్ కేసులో (1999) సుప్రీంకోర్టు చెప్పింది. వాది ఆర్థిక స్తోమతు, సాక్షుల మాటల్లో పొంతన, లెక్కల పుస్తకాలు ఇక్కడ కీలకమవుతాయి. "సంతకం నాది కాదు" అనడం, "సంతకం నాదే, సొమ్ము ముట్టలేదు" అనడం రెండు వేర్వేరు వాదాలు. మొదటిదానిలో నోటు రాసిచ్చిన సంగతిని వాదే లేఖరి, సాక్షుల ద్వారా రుజువు చేయాలి. రెండవదానిలో తొలి భారం ప్రతివాదిదే. నిజంగా చేసిన సంతకాన్ని కాదన్న ప్రతివాది తన మిగతా మాటల విశ్వసనీయతను కూడా పోగొట్టుకుంటాడు. స్టాంపు అంటించిన ఖాళీ నోటుపై సంతకం చేసి ఇస్తే, దాన్ని పూర్తిచేసుకొనే అధికారం ఇచ్చినట్లు సెక్షన్ 20 భావిస్తుంది. అందువల్ల "ఖాళీ నోటు ఇచ్చాను" అన్న ఒక్క మాట రక్షణ కాజాలదు.

3.2 "మీరు కోరినప్పుడు": అడిగిన రోజు నుండే గడువు నడుస్తుందన్న భ్రమను ఈ మాట కలిగిస్తుంది. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం ఇటువంటి నోటుకు మూడేళ్ళ గడువు నోటు తేదీ నుండే మొదలవుతుంది. కాలదోషం పట్టిన దావాను, ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా, కోర్టు కొట్టివేయాలి.

3.3 "చెల్లు": వ్యవహారంలో ఈ మాటకు బాకీ తీరిన గుర్తు అని అర్థం. న్యాయంలో దీనికి రెండు ముఖాలున్నాయి. గడువులోగా కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక బాకీదారు సంతకంతో చెల్లు వేస్తే మూడేళ్ళ గడువు మళ్ళీ మొదలవుతుంది. చెల్లు వేయించుకోకుండా సొమ్ము ఇస్తే, చెల్లించినట్లు రుజువు చేసే భారం బాకీదారుపై పడుతుంది. కాలదోషాన్ని తప్పించడానికి దొంగచెల్లు సృష్టించారన్నదే ప్రతివాది అభియోగమైతే, ఆ సంగతిని జవాబులోనే స్పష్టంగా చెప్పి, సంతకాన్ని నిపుణుడి పరిశీలనకు పంపమని కోరాలి.

4. డిక్రీ తరువాత

డిక్రీ అయినంత మాత్రాన సర్వస్వం జప్తుకు లోను కాదు. వ్యవసాయదారుడు తన సొంతమై, తాను నివసిస్తున్న ఇల్లు సెక్షన్ 60 కింద జప్తు నుండి మినహాయింపు పొందుతుంది. చెల్లించలేని పేదరికం ఒక్కటే కారణంగా బాకీదారును జైలుకు పంపరాదని జాలీ జార్జ్ వర్గీస్ కేసులో (1980) సుప్రీంకోర్టు నిర్దేశించింది.

5. ముగింపు

నోటు తెలుగులో ఉంటుంది. దావా పత్రాలూ తీర్పులూ ఎక్కువగా ఆంగ్లంలో నడుస్తాయి. ఈ రెండింటి నడుమ ప్రతివాది తన మాట అర్థాన్ని కోల్పోయే ప్రమాదముంది. 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, నిర్ణీత ఆదాయానికి లోబడిన ఇతరులకు ఉచితంగా న్యాయవాది సహాయం లభిస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీకి అవకాశముంది. అయితే ఆ అవార్డుపై అప్పీలు లేదు కనుక సంతకానికి ముందు షరతులను తెలుగులో చదివించుకోవడం అవసరం. బాకీ తీర్చిన రోజునే నోటు తిరిగి తీసుకొనే హక్కు చట్టం ఇచ్చింది. దావాకు తావివ్వని రక్షణ అదే.