ఓడినవారికి పిట్స్‌బర్గ్

పిట్స్‌బర్గ్ అంటే మన తెలుగువాళ్లకు ఉక్కు కర్మాగారాలు, మూడు నదులు, పెన్ హిల్స్‌లో వెలిసిన వేంకటేశ్వరస్వామి గుడి. ఈ ఊరికి ఇంకో పేరు కూడా ఉందని మనలో చాలామందికి తెలియదు. మధ్యయుగాల జీవితాన్ని తమ చేతులతో మళ్లీ చేసి చూసే ఒక సంఘం లెక్కలో మనం ఉంటున్నది ‘డిబేటబుల్ లాండ్స్’ అనే సామంత సీమలో, అంటే తగాదాలో ఉన్న పొలిమేరలో.

ఆ సంఘం పేరు సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, డయానా పాక్సన్ ఇంటి పెరట్లో పాతకాలపు దుస్తులు వేసుకుని కొందరు మిత్రులు పోటీపడ్డారు. ఆ తేదీ నుంచే వీళ్ల శకం మొదలు. ఇప్పుడు ప్రపంచం మొత్తాన్ని 20 ‘రాజ్యాలు’గా పంచుకున్నారు. మనది 1997లో ఏర్పడిన ఏథెల్‌మార్క్. అంతకుముందు మన ఊరు తూర్పు రాజ్యానికీ మధ్య రాజ్యానికీ నడుమ ఉండేది. ఓడినవారు పిట్స్‌బర్గ్‌ను ఏలుకోవాలన్న సరదా పందెంతోనే 1972లో ‘పెన్సిక్’ యుద్ధం మొదలైందని చెప్పుకుంటారు. ఆ యుద్ధం ఇప్పుడు మనకు గంట దూరంలో, స్లిప్పరీ రాక్ దగ్గర కూపర్స్ లేక్ మైదానంలో రెండు వారాల జాతర. వేలమంది గుడారాలు వేసుకుని ఉంటారు.

పోరు దగ్గర నిలబడి చూడాలి. కత్తి బెత్తంతో చేసినది, పైన టేపు చుట్టి ఉంటుంది. శిరస్త్రాణం మాత్రం అసలైన ఉక్కు. దెబ్బ పడితే మోత మైదానం అవతలికి వినిపిస్తుంది. కాలికి తగిలితే మోకాళ్లమీద కూర్చునే పోరాడాలి, చేతికి తగిలితే ఆ చెయ్యి ఇక వాడకూడదు, తలకో ఛాతీకో గట్టిగా తగిలితే ప్రాణం పోయినట్టే. మైదానంలో పర్యవేక్షకులు ఉంటారు, కానీ దెబ్బ లెక్కకు వస్తుందా రాదా అని తేల్చేది వాళ్లు కాదు. దెబ్బ తిన్నవాడే ఒప్పుకుని కింద పడాలి. రాజును ఎంచుకునే పోటీలోనూ ఇదే పద్ధతి. గెలిస్తే దాదాపు ఆరు నెలలు కిరీటం దక్కే చోట కూడా, తగిలిందని తానే ఒప్పుకుని కిరీటం వదులుకోవాలి. ఈ సంఘంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

ఇంకొకటుంది. కత్తియుద్ధంలో ఆరితేరితే నైట్ అవుతారు. నేత, వంట, అక్షరచిత్రకళ వంటి విద్యల్లో పండితే లారెల్, ఏళ్ల తరబడి సేవ చేస్తే పెలికన్ బిరుదు. మూడిటికీ ఒకే హోదా. వంటశాలలో అంట్లు తోమినవారికి, లెక్కలు రాసినవారికి వీరులతో సమానంగా సభలో పీట వేస్తారు. ఉగాది నాడు పులిహోర గిన్నెల వెనకాలే నిలబడిపోయేవాళ్లను మన సంఘాలు ఇలా గౌరవిస్తే ఎంత బాగుంటుందో!

వీళ్ల కాలపు హద్దు 1600 సంవత్సరం. యూరప్ ఒక్కదానికే పరిమితం కానక్కర్లేదు, భారతదేశపు పాత్రను ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. అంటే రుద్రమదేవి ఓరుగల్లు, రాయలవారి విజయనగరం, కుతుబ్‌షాహీల గోల్కొండ కూడా ఆ హద్దులోనే ఉన్నాయి. మన పిల్లలు ఆ దారిన వెళ్లాలని నాకు గట్టి కోరిక. కాకతీయుల నాటి విందు వండాలంటే పచ్చిమిర్చి, టమాటా, బంగాళాదుంప పక్కన పెట్టాలి. అవి అప్పటికి ఈ నేలకు రాలేదు. కారం కావాలంటే మిరియాలు, అల్లం, పులుపుకు చింతపండు. ఆ వంట ఒక్కసారి చేసి చూస్తే అమెరికా ఖండాల నుంచి మన వంటింటికి ఎన్ని చేరాయో నాలుకకే తెలుస్తుంది.

చేరడానికి ఖర్చు గురించి బెంగపడనక్కర్లేదు. కొత్తవారి మంచిచెడ్డలు చూడటానికి శాఖల్లో ఒక బాధ్యుడు ఉంటారు. వాళ్ల దగ్గర అరువిచ్చే బట్టల పెట్టె ఉంటుంది. పాతకాలపు దుస్తులు వేసుకునే ప్రయత్నం చేస్తే చాలు, తొలి పండుగకు కుట్టు ఎలా ఉందని ఎవరూ అడగరు.