మీకు తెలుసా? పొగ తగ్గినా ఓజోన్ పెరగొచ్చు!

● 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి రోడ్లు ఖాళీ అయిన రోజుల్లో దేశంలోని 22 నగరాల గాలిని పరిశీలించారు. అంతకుముందు ఏళ్లతో పోలిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ సగటున 18 శాతం తగ్గింది. ఓజోన్ మాత్రం 17 శాతం పెరిగింది!

● పైనెక్కడో ఉన్న ఓజోన్ పొర మనకు గొడుగు. అదే వాయువు ముక్కుదాకా దిగివస్తే గొంతు మండుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువవుతుంది.

● ఈ నేలబారు ఓజోన్ ఏ సైలెన్సర్ నుంచీ నేరుగా రాదు. విజయవాడ బెంజి సర్కిల్లో లారీలు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు ఒక సరుకు. బంకులో ట్యాంకు నింపేటప్పుడు గుప్పుమనే పెట్రోలు ఆవిరి, పెయింట్ల థిన్నర్ వాసన రెండో సరుకు. రెండూ ఎండలో కలిస్తేనే వంట. అందుకే రోళ్లు పగిలే ఎండ కాసే రోజున మధ్యాహ్నం దాటాక ఓజోన్ జోరందుకుంటుంది.

● చిత్రమేమిటంటే, బండి అప్పుడే వదిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఎదురైన ఓజోన్‌ను మింగేస్తుంది. వండేదీ ఆ పొగే, తినేదీ ఆ పొగే! బండ్లు ఆగిపోతే తినేది తగ్గి, నగరం నడిబొడ్డున ఓజోన్ మిగిలిపోతుంది.

● అలాగని పొగ మేలని కాదు. గాలివాలున ఊరు దాటి పొలాల మీదికి వెళ్లేసరికి మింగే పొగ పలచబడుతుంది, వంట మాత్రం సాగుతూనే ఉంటుంది. సాధారణంగా అలాంటి చోట నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గితే ఓజోనూ తగ్గుతుంది. నగరంలో మాత్రం రెండో సరుకునిచ్చే పెట్రోలు ఆవిరినీ, చెత్త తగలబెట్టడాన్నీ కూడా అరికట్టాలి.

● ఓజోన్ ఆకుల సన్నని రంధ్రాల్లోంచి లోపలికి దూరి పంటనూ దెబ్బతీస్తుంది. వరి కోతకు ముందే మాగాణిలో చల్లే మినుము, పెసర వంటి అపరాలకూ ఆ బెడద ఉంది.

● మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న ఓజోన్ పరిమితి: ఘనపు మీటరు గాలిలో 8 గంటల సగటున 100 మైక్రోగ్రాములు, గంట సగటున 180.

● ఓజోన్ వంటలో పొలానికీ వాటా ఉంది. నీళ్లు నిలవగట్టిన వరిమడి నుంచి వచ్చే మీథేన్ నెమ్మదిగా ఓజోన్‌కు ముడిసరుకవుతుంది. అది గాలిలో పదేళ్లదాకా ఉంటుంది కాబట్టి కృష్ణా కాలువ కింద మడిని మధ్యమధ్య ఆరగట్టి తడిపెడితే మీథేన్ తగ్గి, ఆ మేలు దివిసీమ దాటి ప్రపంచమంతటికీ అందుతుంది.