చారల సోల్ చేప: రూపం, నామం, గణన

వ్యాససంగ్రహం:
ఇసుక నేలలపై జీవించే చిన్న బల్లపరుపు చేప జీబ్రా సోల్. దీని శరీరనిర్మాణాన్ని, నామచరిత్రను పరిచయం చేస్తూ, తూర్పుతీరపు చేపల లెక్కల్లో దీనిని జాతిస్థాయిలో నమోదు చేయవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: జీబ్రా సోల్, జెబ్రియాస్, రూపాంతరం, క్వాగా, ట్రాల్ వల.

1. ఉపోద్ఘాతం
సముద్రతీరం లేని జహీరాబాద్ వంటి పీఠభూమి ప్రాంతాల్లో చేప అనగానే కొర్రమీను, బొచ్చె, రవ్వు గుర్తుకు వస్తాయి. రెండు కళ్లూ ఒకే పక్కన ఉండే చేపలు అక్కడి విద్యార్థులకు ఎక్కువగా పాఠ్యపుస్తకాల ద్వారానే పరిచయం. బంగాళాఖాతపు తీరజలాల్లో మాత్రం ఇవి సహజనివాసులు. వాటిలో సోలిడే కుటుంబానికి చెందిన జెబ్రియాస్ ప్రజాతిని 1900లో జోర్డాన్, స్నైడర్ ఏర్పరిచారు.

2. శరీరనిర్మాణం
గుడ్డు నుంచి వెలువడిన డింభకానికి ఇతర చేపల వలెనే తలకు రెండువైపులా కళ్లుంటాయి. రూపాంతర దశలో ఎడమ కన్ను తలమీదుగా కుడివైపుకు జరుగుతుంది. ఆ తరువాత చేప ఎడమ పక్కను నేలకు ఆనించి జీవిస్తుంది. కింది పక్క పాలిపోయి ఉంటుంది. కళ్లున్న పక్క గోధుమవర్ణంలో, అడ్డంగా ముదురు పట్టీలతో ఉంటుంది. పృష్ఠ, పాయు వాజాలు పుచ్ఛవాజంతో కలిసిపోతాయి. సుమారు 15 సెంటీమీటర్ల వరకు పెరిగే జెబ్రియాస్ క్వాగాలో ఒక్కో కంటిపై చిన్న స్పర్శకం కనిపిస్తుంది. ఒంటిపై ఇసుక కప్పుకొని కదలకుండా ఉన్నప్పుడు, పట్టీలు దేహపు అంచును విడగొట్టి చూపడం వల్ల చేప ఆకారం సులభంగా తెలియదు.

3. నామచరిత్ర
18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అక్కడి చేపలను చిత్రాలతో సహా వర్ణించి, 200 చేపల గ్రంథాన్ని 1803లో వెలువరించాడు. స్థానికుల పేర్లనే అందులో శీర్షికలుగా ఉంచాడు. బల్లపరుపు చేపలకూ అందులో చోటు దక్కింది. జెబ్రియాస్ క్వాగాను 1858లో కౌప్ వర్ణించాడు. జెబ్రియాస్ సినాప్టురాయిడిస్‌ను 1910లో జెంకిన్స్ వర్ణించాడు. 1967లో తల్వార్, చక్రపాణి మరొక జాతికి ఆనండేల్ పేరు పెట్టారు. పట్టీల సంఖ్య, అమరిక ఈ జాతులను వేరుచేసే లక్షణాల్లో ముఖ్యమైనవి.

4. గణనలో సమస్య
రొయ్యల కోసం లాగే ట్రాల్ వలలు నేలను ఒరుసుకుంటూ సాగుతాయి కనుక ఇసుకలోని సోల్ చేపలు కూడా వాటిలో పడతాయి. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ గణాంకాల్లో బల్లపరుపు చేపలకు హాలిబట్, ఫ్లౌండర్, సోల్ అనే విభాగాలున్నాయి. చిన్న చారల జాతులు 'సోల్' అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలవుతుంది. అయితే విడి లెక్క లేనిదే ఆ విరామం ఈ జాతులకు ఎంత మేలు చేస్తున్నదో తేల్చలేము.

5. ముగింపు
ఈ చేపకు పేరిచ్చిన క్వాగా దక్షిణాఫ్రికాకు చెందిన చారల జంతువు. 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలో చనిపోయినదే చివరిదని అప్పట్లో ఎవరూ గ్రహించలేదు. జీబ్రాలన్నింటినీ 'క్వాగా' అనే పిలవడం అందుకు ఒక కారణం. ఉమ్మడి పేరు ఒక జాతి లోపాన్ని ఎలా మరుగుపరచగలదో ఈ ఉదాహరణ చెబుతుంది. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో చిన్న సోల్ చేపలను జాతివారీగా, మత్స్యకారుల పేర్లతో సహా నమోదు చేయడం పరిశోధకులు చేపట్టదగిన పని. రస్సెల్ రెండు శతాబ్దాల కిందటే అందుకు మార్గం చూపాడు.