రేసింగ్ ఆయిల్ పోశా... క్లచ్ జారింది!

ఆదివారం పొద్దున్నే నాలుగు బండ్లలో అనంతగిరి కొండలు ఎక్కుతున్నాం. మూడో గేర్‌లో గట్టిగా రేజ్ చేశా. ఇంజిన్ మోత ఒక్కసారిగా పెరిగింది... బండి మాత్రం ముందుకు లాగట్లేదు! వెనకున్న మావాడు హారన్ కొట్టి మరీ దాటేశాడు. ముందురోజే మామూలు ఆయిల్‌కు రెట్టింపు ధర పెట్టి ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30 పోయించుకున్నా. డబ్బా మీద రేసు కారు బొమ్మ చూసే కొన్నాను. ఆ బొమ్మే కొంప ముంచిందని షెడ్డుకి వెళ్లాక తెలిసింది. ‘తమ్మీ, గిది కార్ల పోసే ఆయిల్ గదా! బైక్‌ల పోస్తే క్లచ్ ఎట్ల పట్టుకుంటది?’ అన్నాడు మెకానిక్ అన్న.

గేర్లున్న కార్లలో ఎక్కువ వాటికి క్లచ్ పొడిగా, ఇంజిన్ ఆయిల్ తగలకుండా ఉంటుంది. మన బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. పల్చటి కారు ఆయిల్స్‌లో మైలేజీ కోసం రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. ఇంజిన్‌కు అది మేలే. క్లచ్‌కు మాత్రం రాపిడే పట్టు. అందుకే గేర్ల బైక్‌కి ఆయిల్ కొనేటప్పుడు డబ్బా వెనక ‘జాసో ఎంఏ2’ అని ఉందేమో చూడాలి. తడి క్లచ్ జారకుండా చూసే జపాన్ ప్రమాణం అది. ‘ఎంబీ’ అని ఉంటే గేర్లు లేని స్కూటర్లకన్నమాట.

ఇక ఆ అంకెల సంగతి. 10డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న 10 చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. ఆ పరీక్ష మైనస్ 25 డిగ్రీల్లో చేస్తారు. లంబసింగిలో కూడా అంత చలి ఉండదు కాబట్టి మనకు అసలు పని వెనకున్న 40తోనే. 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పే అంకె అది.

స్పీడ్‌గా నడిపేవాళ్లకు ఇదే కీలకం. 10,000 ఆర్‌పీఎం అంటే క్రాంక్ సెకనుకు 166 సార్లు తిరుగుతున్నట్టు. బేరింగ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య ఉండేది సన్నటి ఆయిల్ పొరే. అది చెదిరితే లోహానికి లోహం తగులుతుంది, తర్వాత ఇంజిన్ సీజే! పైగా బైక్‌లో గేర్లు కూడా అదే ఆయిల్‌ని నలుపుతాయి. చిక్కదనం కోసం కలిపిన పొడవాటి అణువులు తెగి, 40 ఆయిల్ కాస్తా పల్చబడుతుంది. ఫుల్ సింథటిక్ వేడికి త్వరగా పాడవదు. పల్చబడడం మాత్రం దానికీ తప్పదు.

అలాగని ‘ఇంకా చిక్కది పోద్దాం’ అనుకోకండి. 10డబ్ల్యూ-30 అడిగిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైభాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, పికప్, మైలేజీ రెండూ పడిపోతాయి. మీ బండికి ఏ గ్రేడ్ అన్నది మాన్యువల్‌లోనే ఉంటుంది. కేటీఎం 390 డ్యూక్‌కి 15డబ్ల్యూ-50 చెప్పారని పక్కింటి 150 సీసీకీ అదే పోయకూడదు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లే ప్లాన్ ఉందా? ఖరీదైన బ్రాండ్ వెతకడం కంటే, మాన్యువల్ చెప్పిన గ్రేడ్‌లోనే ఎంఏ2 ఫుల్ సింథటిక్ కొత్తగా పోసి వెళ్లండి. తిరిగొచ్చాక కిలోమీటర్లు లెక్కపెట్టకుండా మార్చేయండి. లెవెల్ చూసేటప్పుడు బండి సైడ్ స్టాండ్ మీద కాకుండా నిటారుగా ఉండాలి. ఎక్కువ పోసినా నురగ వచ్చి నష్టమే. పాత డబ్బాకి చిల్లు పొడిచి పారేయండి, లేదంటే అందులోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేస్తారు.

నేనైతే ఆరోజు జారుతున్న క్లచ్‌తోనే హైదరాబాద్ దాకా నడిపేశా. ప్లేట్లు కాలిపోయాయి. సరైన ఆయిల్ పోసినా పట్టు రాలేదు, సెట్ మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆ నెల ఈఎంఐ నాన్న కట్టారు.